చిన్నాయన ఆరో నంబరు ట్యాంకు

పోయిన నెలలో మా అల్లుడు బెంగుళూరు నుంచి కారులో వస్తూ, బంగారుపాళ్యం దగ్గర ఒక పెట్టె తోతాపురి కాయలూ, చిత్తూరులో అరడజను బీరు డబ్బాలూ కొనుక్కొచ్చాడు. కాయలు అత్తగారికట, డబ్బాలు మామగారికట. మామా అల్లుళ్ళు మిద్దె మీద కుర్చీలు వేసుకుని ఎదురెదురుగా బీరు తాగడమంటే మా నాయన కాలంలో ఊరంతా కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు మా ఆవిడే మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి పైకి పంపించింది. రేణిగుంటలో మా మిద్దె మీదికి కొండ బాగా కనిపిస్తుంది కాబట్టి, నేను అలవాటు కొద్దీ కుర్చీని తిప్పేసి కొండకు వీపు పెట్టి కూర్చున్నాను. తర్వాత డబ్బా అడుగున తయారైన తేదీ వెతుక్కుని, కింది నుంచి గాజుగ్లాసు తెప్పించి, అందులో ఒంపి, నురగ ఎంత లేచిందో వేలు పెట్టి కొలిచి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఈ తతంగమంతా ముగిసేలోపల అల్లుడు తన డబ్బా సగం ఖాళీ చేసి, "ఏం మామా, పూజ అయిందా?" అన్నాడు.

పూజే మరి. ఇరవై ఆరేళ్ళు బీరును వాసన చూసి జీతం తీసుకున్న ముక్కు ఇది. ఈ మాట కొత్తవాళ్ళకు చెబితే ఎగతాళి అనుకుంటారుగానీ, మన వయసు వాళ్ళకు, ముఖ్యంగా ఈ చుట్టుపక్కల వాళ్ళకు, రేణిగుంట అవతల పొగగొట్టం ఉన్న ఆ బ్రూవరీ గుర్తుండే ఉంటుంది. రైలు స్టేషన్లో ఆగినప్పుడు గాలి అటునుంచి వీస్తే ఉడికిన బార్లీ వాసన పెట్టెలోకి వచ్చేది. ఎవరో పెద్ద కుండలో సంగటి కలుపుతున్నారేమో అనుకునేవాళ్ళు దారిన పోయేవాళ్ళు. అక్కడ తయారయ్యే బీరు సీసా మీద లాంతరు బొమ్మ ఉండేది కాబట్టి జనం దాన్ని లాంతరు అనే పిలిచేవాళ్ళు. అంగడిలో "రెండు లాంతర్లు ఇయ్యప్పా" అంటే చాలు.

తాగేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారుగానీ మా ప్రాంతపు బీరు ప్రియుల పద్ధతులు వేరు. పుణ్యక్షేత్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళు గనక, భక్తీ బీరూ రెండూ వదులుకోలేక, రెండింటికీ మధ్య రకరకాల ఒప్పందాలు కుదుర్చుకునేవాళ్ళు. శనివారం తాగకూడదు. తమిళ లెక్కలో స్వామి నెల, పెరటాసి మొత్తం ముట్టకూడదు, ఆ నెలలో మా బాట్లింగ్ సెక్షన్లో సగం మందికి చేతినిండా పని ఉండేది కాదు. కొండ కనిపించే చోట కూర్చుంటే వీపు అటు పెట్టాలి, స్వామి ముఖం చూస్తూ తాగకూడదు. ఈ నియమాలు ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పేవాళ్ళు మాత్రం కాదు. మా జట్టులో నగరి నుంచి వచ్చే మా తోడల్లుడు, మరమగ్గాల వాడు, మెడలో ఉన్న తులసిపూసల దండ తీసి జేబులో పెట్టుకుని, ఆ జేబు మీద చొక్కా గుండీ పెట్టుకున్నాక గానీ గ్లాసు ముట్టేవాడు కాదు. గుండీ పెడితే స్వామికి కనపడదా అని మేము ఆటపట్టిస్తే, కనపడుతుందిలే, మర్యాద అనేది ఒకటుంటుంది గదా అనేవాడు.

ఆదివారం సాయంత్రాలు పుత్తూరు దారిలో ఒక మామిడితోపులో చేరేవాళ్ళం. ఐసు పెట్టెలు ఎక్కడివి అప్పట్లో? మధ్యాహ్నమే సీసాలను తడి గోనెపట్టలో చుట్టి, బావి పక్కన ఇసుకలో పాతిపెట్టి, మీద నీళ్ళు చల్లుతూ ఉంటే సాయంత్రానికి గొంతుకు హాయిగా తగిలేంత చల్లబడేవి. కారం బొరుగులు, ఉడకబెట్టిన శనక్కాయలు, మామిడికాయల రోజులైతే చెట్టుమీది కాయే. వీటిలో ఏది ఏ బీరుకు నప్పుతుందనే దాని మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు. లారీల వాళ్ళు స్ట్రాంగు బీరు అడిగేవాళ్ళు, మా జట్టు వాళ్ళకు దాని పేరెత్తితే చాలు మూతి వంకర. స్ట్రాంగు తాగేవాడికి బీరు అక్కర్లేదు, మత్తు కావాలి అని వీళ్ళ తీర్మానం. స్టీలు లోటాలో బీరు పోసేవాడిని పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

అన్నిటికన్నా పెద్ద విద్య లేబులు చదవడం. అప్పట్లో తయారైన తేదీని అంకెల్లో అచ్చువేసేవాళ్ళు కాదు, లేబులు అంచుల్లో చిన్న చిన్న గాట్లు పెట్టేవాళ్ళు. ఎడమ అంచున గాటు ఎక్కడుంటే ఏ నెలో, కుడి అంచున ఎక్కడుంటే ఏ తేదీయో తెలిసేది. ఆ గుట్టు బయటివాళ్ళకు తెలియకూడదు. నేనే మా జట్టుకు చెప్పేశాను. దాంతో వాళ్ళు అంగళ్ళకు వెళ్ళి, కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు సీసాను వెలుతురుకు పెట్టి, అంచుమీద గోరు పోనిచ్చి, ఇది వద్దు, ఆ వెనకది ఇయ్యి అనడం మొదలుపెట్టారు. అంగడివాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒక్కొక్క సీసాను పట్టుకుని ఇంత ముచ్చటపడే మనుషులను తర్వాత నేను చూడలేదు.

నన్ను ఆ పనిలో పెట్టించింది మా చిన్నాయన. మా నాయనకు సొంత తమ్ముడు. సత్యవేడు పక్కన సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, వానలు లేక, బ్రూవరీ పెట్టిన కొత్తలోనే అక్కడ సీసాలు కడిగే పనికి చేరాడు. చదువు ఐదో తరగతి. అయితే పులియబెట్టే ట్యాంకులు ఉన్న చలిగదిలోకి ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో, నేను డిగ్రీ ముగించి ల్యాబులో చేరే నాటికి ఆ చలిగది మొత్తం ఆయన మాట మీద నడుస్తోంది. ట్యాంకు గోడకు ఆనించిన థర్మామీటరు ఒకటి చెబితే, ఆయన అరచేతి వెనకభాగం ఆనించి ఇంకోటి చెప్పేవాడు, చివరికి థర్మామీటరునే మార్చాల్సి వచ్చేది. ఈనబోయే బర్రె దగ్గర తిరిగినట్టు ట్యాంకుల మధ్య మెల్లగా తిరిగేవాడు. ఆయన తాగడం మాత్రం చాలా తక్కువ. ఆదివారం తోపుకు వచ్చి ఒక్క గ్లాసు పట్టుకుని గంటన్నర కూర్చునేవాడు. మా జట్టంతా ఆయన ముఖం చూసేవాళ్ళు. ఆయన తల ఊపితే ఆ వారం లాంతరు బాగున్నట్టు, ఊపకపోతే అందరూ మౌనంగా తాగేసి ఇంటికి పోవలసిందే.

ఆయనకు ఒకే ఒక్క దిగులు. బీరు చలిలో ఎన్నాళ్ళు నిదానంగా నిలవుంటే అంత సాపు అవుతుందని, పాతకాలం బ్రూమాస్టరు ఒకాయన దగ్గర నేర్చుకున్నాడు. మొదట్లో లాంతరును అలాగే నెల దాటి ఉంచేవాళ్ళట. గిరాకీ పెరిగాక పదహారు రోజులకు దించేశారు. "పిందెను కోసకొచ్చి పండని అమ్మినట్టుండాది రా ఇది" అనేవాడు. కొత్తగా వచ్చిన మేనేజరు దగ్గరికి ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. చివరికి ఆ మేనేజరు, విసుగెత్తో, ముచ్చటపడో, ఒక పందెంలాంటిది పెట్టాడు. ఒకే ఒక్క ట్యాంకు, ఆరో నంబరుది, నీ ఇష్టప్రకారం నలభై రోజులు ఉంచుకో. రుచి చూసే ముగ్గురూ బాగుందంటే ఇకమీదట లాంతరు మొత్తం నీ పద్ధతిలోనే. బాగాలేదంటే ఈ మాట మళ్ళీ నా గదిలో ఎత్తకూడదు. అదీ ఒప్పందం.

ఆ నలభై రోజులు చిన్నాయన ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఆదివారాలు కూడా వచ్చి ట్యాంకు మీద చెయ్యి ఆనించి పోయేవాడు. ఈ సంగతి నేను మా జట్టుకు చెప్పకుండా ఉండలేకపోయాను. వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఆరో నంబరు ట్యాంకు సీసాలు అంగళ్ళకు వచ్చేదాకా ఇంకే బీరూ ముట్టమని ప్రమాణం చేసుకున్నారు. పెరటాసి నెల కాకపోయినా ఆ తోపులో నెలరోజులు ఉత్త బొరుగులే తిన్నారు. గాట్లు ఎక్కడ ఉంటాయో ముందే లెక్కవేసి, మా తోడల్లుడు లేబులు బొమ్మ గీసి జేబులో పెట్టుకు తిరిగాడు.

రుచి చూసే ముగ్గురిలో నేనొకణ్ణి. మిగతా ఇద్దరు మా పెద్ద కెమిస్టు సారూ, బాట్లింగ్ సూపర్వైజరూ. రుచి చూడడం రోజూ ఉదయం పదకొండు గంటలకు. అంతకు ముందు గంటసేపు కాఫీ, వక్కాకు, ఊరగాయ, పొగ ఏదీ పనికిరాదు. తలకు వాసన నూనె రాసుకొస్తే సారు వాకిట్లోనే నిలబెట్టేసేవారు. ఒకసారి సూపర్వైజరు మల్లెపూలు కట్టిన పొట్లం టేబులు మీద పెట్టాడని దాన్ని పెట్టినవాడితో సహా బయటికి పంపించారు. అంత కచ్చితమైన మనిషి.

సరిగ్గా ఆ ట్యాంకు రుచి చూడాల్సిన ముందురోజు మా అమ్మాయికి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాం. ఏడాది బిడ్డ, కత్తి తగిలితే గుక్కపట్టి ఏడ్చింది. దర్శనంలో స్వామి ముందర నిలబడ్డ ఆ అరక్షణంలో నేను బిడ్డ కోసం ఏం మొక్కుకున్నానో గుర్తులేదుగానీ, చిన్నాయన ట్యాంకు గట్టెక్కాలి స్వామీ అని అనుకున్నది మాత్రం బాగా గుర్తుంది. మర్నాడు పొద్దున్నే దిగి, బిడ్డనూ మా ఆవిడనూ ఇంట్లో దించి, అటునుంచి అటే పనికి వచ్చేసరికి పదిన్నర దాటింది. మామూలుగా కొండకు పోయొచ్చినవాళ్ళు ప్రసాదాన్ని మధ్యాహ్నం భోజనాల దగ్గర పంచుతారు. నేనే ఆగలేకపోయాను. ముందే పెడితే ట్యాంకుకు మంచి జరుగుతుందని నా ఆశ. ల్యాబులోకి పోగానే లడ్డు విరిచి సారు చేతిలోనూ సూపర్వైజరు చేతిలోనూ పెట్టి, నేనూ నోట్లో వేసుకున్నాను. మల్లెపూలకే మండిపడ్డ ఆ సారు, చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని, కణం కింద పడకుండా తిన్నారు. గంట నియమం ఆయనకు గుర్తురాలేదు, మాకూ రాలేదు. కాఫీ అంటే గుర్తొచ్చేది, టిఫిను అంటే గుర్తొచ్చేది. ప్రసాదం తిండి కిందికి వస్తుందని ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడికీ తోచదు. చలిగదికి పోయి చిన్నాయనకూ ఒక ముక్క ఇచ్చాను. ఆయన చేతులు ట్యాంకులు కడిగే సోడా వాసన వేస్తున్నాయని, స్నానం చేసి తింటానని చెప్పి, కాగితంలో చుట్టి అన్నం క్యారియరు మీద పెట్టుకున్నాడు.

పదకొండుకు కూర్చున్నాం. ఆ రోజు రుచి చూడాల్సింది ఆ ఒక్క ట్యాంకే. రంగు చూశాం, ఎండకు పెట్టిన తేనెలా ఉంది. నురగ కదలకుండా నిలబడింది. ఇంత వరకూ సారు ముఖంలో కూడా మెచ్చుకోలు కనిపించింది. నోట్లో పోసుకున్నాం. చల్లటి బీరు నాలుక మీద పడగానే అడుగు నుంచి ఏదో ఆసుపత్రి మందు వాసన లేచి ముక్కులోకి ఎక్కింది. ఒకరి ముఖం ఒకరం చూడకుండా ఎవరి కాగితం మీద వాళ్ళు రాయాలి. ముగ్గురం ఒకటే రాశాం, మందు వాసన అని. మా పనిలో ఆ మాట రాయడమంటే మరణవార్త రాసినట్టే. మేము వెయ్యని అడవి ఈస్టు గాలిలోంచి చేరి ట్యాంకు చెడిపోతే వచ్చే వాసన అదే. ఎక్కువ రోజులు ఉంచితే ఇలాంటివే జరుగుతాయి, నేను ముందే అనుకున్నాను అన్నారు సారు. పరీక్షకు పెట్టి చూస్తే మూడు రోజుల్లో నిజం తేలేది. ఆ మూడు రోజులే లేవు. చెడింది పక్క ట్యాంకులకు అంటుకుంటుందని సారు భయం. ఏం పారబోయాలన్నా ఎక్సైజు ఇన్‌స్పెక్టరు ఎదురుగా ఉండాలి, ఆయన మర్నాటి నుంచి సెలవు. మూడు గంటలకు పారబోయడానికి సారు ఫోనులోనే మేనేజరు అనుమతి తీసుకున్నారు.

ఒంటిగంటకు అన్నం తినబోయే ముందు ల్యాబులో ఫ్రిజ్జులోంచి నీళ్ళు తీసి తాగాను. చల్లటి నీళ్ళు గొంతు దిగుతుండగా అదే వాసన. మళ్ళీ తాగాను. పచ్చకర్పూరం, లడ్డులోది. వెంటనే పోయి, రెండు రోజుల ముందే మేము బాగుందని రాసిన నాలుగో నంబరు ట్యాంకు శాంపిలు తీసి నోట్లో పోసుకున్నాను. అందులోనూ అదే. చెడింది ట్యాంకు కాదు, మా ముగ్గురి నోళ్ళు. ప్రసాదానిది తప్పని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనను. వేళ కాని వేళలో పంచింది నేను.

ఇక ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు సిగ్గు. లేచి సారు గది దాకా పోయాను. ఆయన ఫోనులో మాట్లాడుతున్నారు, తర్వాత రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. వెనక్కి వచ్చాను. మళ్ళీ పోలేదు. మళ్ళీ ఎందుకు పోలేదని నన్ను నేను వేలసార్లు అడుక్కున్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, వచ్చే నెలలో కావాల్సి ఉంది. సారు సంతకం పెట్టేశారు, ఆయన నోరు పనికిరాలేదని ఆయనకే చెప్పాలి. చెప్పినా, ఆ ప్రసాదం తెచ్చినవాడివి నువ్వేగా అంటారు. ఇంట్లో గుండు చేయించుకున్న బిడ్డ. ఇవన్నీ కారణాలే. అసలు కారణం భయం. అన్నం ముట్టకుండా, మూడయ్యేదాకా ల్యాబులో గాజుసామాను తుడుస్తూ కూర్చున్నాను, తుడిచినదాన్నే తుడిచాను.

మూడింటికి చలిగది వెనక కాలువ దగ్గర ఇన్‌స్పెక్టరుకు కుర్చీ వేశారు. ఇంకెవరో వచ్చి తిప్పుతామంటే చిన్నాయన ఒప్పుకోలేదు, వాల్వు తానే తిప్పాడు. నాలుగు లారీలకు ఎత్తాల్సిన బీరు తెల్లటి నురగతో కాలువలో పడి పోతూ ఉంటే, ఆయన వంగి దోసిలి పట్టి తాగాడు. ఆ దోసెడు మింగి, ఇంకో దోసెడు పట్టి, మెల్లగా, ఆదివారం గ్లాసు తాగినట్టే తాగాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడి, "బాగుండాది రా నాయనా. యాడ చెడినాది ఇది?" అన్నాడు. నేను ఏదో అన్నాను, పరీక్షల్లో తేలుతుందిలే చిన్నాయనా అన్నాననుకుంటా. ఆయన నా ముఖంలోకి చూశాడు. కాసేపే. తర్వాత మళ్ళీ వాల్వు దగ్గరికి పోయి, అది ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజు పక్కన తీసిన శాంపిలుతో నేను పెట్టిన పరీక్ష మూడు రోజులకు తేలింది. పళ్ళెంలో క్రిములు పెరిగిన మచ్చ ఒక్కటీ లేదు. ఆ కాగితాన్ని ఫైల్లో అడుగున పెట్టేశాను, ఎవరూ అడగలేదు. మా జట్టుకు ట్యాంకు చెడిపోయిందని చెప్పాను. వాళ్ళు నిజంగా దుఃఖపడ్డారు. మా తోడల్లుడు జేబులోంచి లేబులు బొమ్మ తీసి చింపకుండా మడతపెట్టి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. మరుసటి నెలలో నా ఉద్యోగం ఖాయమైంది. చిన్నాయన ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పనిచేశాడు, పదహారు రోజులకే దించుతూ. మేనేజరు గదిలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆదివారాలు తోపుకు రావడం మానేశాడు. ఆయన తల ఊపడం లేకపోయాక మా జట్టులో రుచి గురించిన వాదనలు కూడా తగ్గిపోయాయి, ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. అదే నాకు ఎక్కువ బాధ.

రిటైరయ్యాక ఆయన సత్యవేడు పోయి పొలంలోనే ఇల్లు కట్టుకున్నాడు. నాలుగేళ్ళ కిందట, ఎనభై దాటి మంచం పట్టాడని తెలిసి చూడ్డానికి పోయాను. పిన్నమ్మ కాఫీ తెచ్చేలోపల, ఇంక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించి, ఆ రోజు జరిగిందంతా, ఫ్రిజ్జు నీళ్ళతో సహా, ఒక్క గుక్కలో చెప్పేశాను. చిన్నాయన పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. కోపగించుకుంటాడని, ఏడుస్తాడని, ఏదో ఒకటి చేస్తాడని నేను కాచుకుని ఉన్నాను.

"తెలుసు రా. ఆ పొద్దు కాలవకాడ నువ్వు నోరు తెరస్తానే కర్పూరం వాసన కొట్టినాది. మీ ముగ్గురు ఒకటే రాసినారంటే నాకు అప్పటికే అనుమానం. జన్మలో ఒకటే రాసినోళ్ళా మీరు?" అన్నాడు.

మరి ఆ క్షణంలోనే వాల్వు కట్టేసి సారును పిలిచి ఉండొచ్చు గదా, సగం ట్యాంకైనా మిగిలేది గదా అని అడిగాను.

"పిలిస్తే నీ పని పోయుండును. బిడ్డకు అప్పుడే ఎంటికలు తీసినారు. బీరుదేముండాది, మళ్ళా చేసుకోవచ్చు, ఇంకో ట్యాంకు ఇస్తార్లే అనుకొంటి" అన్నాడు. దుప్పటి గుండెల మీదికి లాక్కుని, "ఈలేదు" అన్నాడు.

పిన్నమ్మ కాఫీ తెచ్చింది. కాఫీ తాగుతూ, సిగ్గు విడిచి ఇంకొక్కటి అడిగాను, ఆ బీరు ఎలా ఉండింది చిన్నాయనా అని. పెదాలు తడుపుకున్నాడు. చెయ్యి ఎత్తి ఏదో చూపించబోయి, మళ్ళీ దించేశాడు. "సెప్తే వొచ్చేది కాదు రా అది" అన్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఆ బ్రూవరీ ఇప్పుడు లేదు. రెండు యాజమాన్యాలు మారి, మూతపడి, ఆ షెడ్లలో ఇప్పుడు గోడౌను నడుస్తోంది, రాత్రింబగళ్ళు లారీలు బారులు తీరి నిలబడి ఉంటాయి. అంగళ్ళలో ఇప్పుడు నేను లెక్కపెట్టలేనన్ని బీర్లు. నారింజ తొక్క వేసినది ఒకటట, గోధుమలతో కాచింది ఇంకొకటట, మామిడి రసం కలిపిందీ ఉందట. తేదీ అంకెల్లో అచ్చై ఉంటుంది, ఎవరూ చూడరు. మా పనిలో కూడా ఇప్పుడు మనిషి నాలుక ఒక్కదాన్నే నమ్మి ట్యాంకు పారబోయరట, మిషను చెప్పాలట. మంచిదే. ఆ మిషను ఆ రోజు ఉండి ఉంటే చిన్నాయన ట్యాంకు బతికేది. కానీ సీసాలు కడిగే పని నుంచి వచ్చిన ఐదో తరగతి మనిషిని నమ్మి ఒక ట్యాంకు అప్పగించేవాళ్ళు ఇవాళ ఉన్నారా అన్నది నాకు తెలియదు. సీసా పుట్టిన తేదీ కోసం నెలరోజులు నోరు కట్టుకునే మనుషులు మాత్రం లేరు.

ఇప్పుడైతే ఆ రుచి తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. సారు పోయారు, సూపర్వైజరు పోయాడు, చిన్నాయన పోయాడు. ఆరో నంబరు ట్యాంకు బీరు తాగినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. అరగ్లాసు తాగాను. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు.